పూజలోంచి ఎత్తిన పానా

ఈ కాలం డ్రైవర్లు ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ రెండో చేత్తో తల దువ్వుకుంటారు. నేను బస్సెక్కితే కునుకు పట్టదు. పక్కవాళ్ళు గురక పెడుతుంటారు. నేను మాత్రం డ్రైవరు చక్రం ఎంత తిప్పితే బస్సు ఎంత తిరుగుతోందో చూస్తూ ఊరు చేరేదాకా నిటారుగా కూర్చుంటాను. ముసలితనంతో వచ్చిన భయం కాదు ఇది. కడపలో ఒక లారీల షెడ్డులో సామాన్ల గది చూసుకున్న రోజుల్లో పట్టుకున్న జబ్బు. మెకానిక్కు పనిలోకి దిగే పిల్లలకు పనికొస్తుంది, రాయమని మా వాళ్ళు వెంటపడ్డారు. నా చదువు మిషను బడిలో మూడో తరగతితో ఆగింది. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పడమే నాకు వచ్చు.

మా ఆయన ఆ షెడ్డు కొలిమిలో సమ్మెట కొట్టేవాడు. చలిజ్వరం వచ్చి పోయాడు. కొన్నాళ్ళకు యజమాని నన్ను పిలిపించి సామాన్ల గది తాళంచెవి చేతిలో పెట్టాడు. జాలిపడి ఇచ్చాడని ఊళ్ళో అనుకున్నారు. జాలి కాదు. నాకు ముందు ఆ గది చూసిన మనిషి హయాంలో మా పానాలు షెడ్డులో కంటే సంతలోనే ఎక్కువ కనిపించేవి. నా ఇంట్లో ఉప్పుగల్లు కూడా వృథా పోదని యజమాని తల్లికి తెలుసు. ఆమె చెప్పింది, ఆయన విన్నాడు.

అవి రెండో యుద్ధం రోజులు. పెట్రోలు దొరకదు. లారీ పక్కన పెద్ద బొగ్గు పొయ్యి బిగించి, దాని పొగతో ఇంజను నడిపేవారు. మద్రాసు నుంచి విడిభాగాలు రావడం ఆగిపోయింది. ఉన్న లారీలు ఎప్పటివో. ఎద్దులైతే ఈపాటికి మేతకు వదిలేసేవాళ్ళు. రాళ్ళ దోవల్లో తిరిగి తిరిగి వాటిలో ముందుగా చెడేది స్టీరింగు. చక్రం తిప్పుతాం, ముందు టైర్లు కదలవు. మరికాస్త తిప్పాక ఒక్కసారిగా కదులుతాయి. ఆ మధ్యలో ఉన్న ఖాళీని షెడ్డులో ఆట అనేవారు. ఆ ఆట తీయడానికి మామూలు పానాలు పనికిరావు. దాని సామాను దానిదే.

ఆ సామాను కూడా అప్పట్లో కొనేదేముంది, మా కొలిమిలో కొట్టినదే. విరిగిన లారీ స్ప్రింగు పట్టీలను కాల్చి, సాగగొట్టి ఆచారి చేసేవాడు. ఆయన షెడ్డులో అందరికంటే పెద్దవాడు. పీత కాళ్ళలా రెండు వైపులా పట్టుకుని స్టీరింగు చెయ్యిని ఊడదీసే పుల్లరు ఒకటి. ముందు చక్రాల మధ్య ఎడం కొలిచే కర్ర ఒకటి. అన్నిటికంటే ఎక్కువగా నా గది గడప దాటేది బిరడా పానా. స్టీరింగు పెట్టె నుంచి ముందు చక్రం వైపు ఒక పొడవాటి కడ్డీ పోతుంది. ఆ కడ్డీ కొసన గిన్నెలాంటి చోట ఒక ఇనుప గుండు కూర్చుని ఉంటుంది. ఆ గుండును లోపలే పట్టి ఉంచేది మరలున్న బిరడా. బిరడా నెత్తిన ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలో సరిగ్గా కూర్చునే మందపాటి నాలుక, తిప్పడానికి పైన అడ్డ కడ్డీ, అదీ బిరడా పానా. బిరడా బిగించాక అది వెనక్కి తిరగకుండా అడ్డంగా ఒక చీల పిన్ను దూర్చి, దాని కాళ్ళు విడదీయాలి. పిన్ను లేకపోతే లారీ అదురుకు బిరడా దానంతట అదే ఊడుతుంది. ఊడితే గుండు బయటికి వస్తుంది. అప్పుడు డ్రైవరు చేతిలో చక్రం ఉంటుంది గానీ లారీ ఉండదు.

మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. పని సగంలో ఆగిన లారీ స్టీరింగు చక్రానికి మెకానిక్కు ఒక ఎర్ర గుడ్డ కట్టాలి. గుడ్డ ఉన్నంతసేపు ఆ లారీని ఎవరూ కదిలించకూడదు. ఆ గుడ్డలు నా పాత చీర చింపినవి. పని అయ్యాక వాటిని తీసుకుని ఉతికి మళ్ళీ వాడేదాన్ని. "మన లారీలన్నీ ఈయమ్మ చీర కట్టుకోనే తిరుగుతాండాయప్పా" అని నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకునేదాన్ని.

ఇక ఆయుధపూజ సంగతి. మహర్నవమి నాడు షెడ్డులోని ప్రతి పనిముట్టూ పూజలోకి పోవాలి. సుత్తి, ఆకురాయి, స్క్రూడ్రైవరు, ఆఖరికి ఒక్కో లారీలో డ్రైవరు దగ్గరుండే సామాను సంచి కూడా. నేను కిరసనాయిలుతో కడిగి తుడిచి గడప దగ్గర పెట్టేదాన్ని. కిరసనాయిలు రేషను కాబట్టి కడిగిందాన్ని గుడ్డలో వడగట్టి మళ్ళీ సీసాలో పోసేదాన్ని. నేను పెట్టినవాటి మీద ఆచారి నీళ్ళు చల్లి, దుప్పటి మీద వరుసగా పేర్చి, విభూతి కుంకుమ పెట్టేవాడు. మాది చర్చికి పోయే కుటుంబం. కుంకుమ పెట్టమని నన్నెవరూ అడగలేదు, నేనూ ముందుకు పోలేదు. మర్నాడు దశమి పొద్దున యజమాని కర్పూరం వెలిగించి తీసేదాకా ఆ వరుసలోని దేన్నీ ఎవరూ ముట్టకూడదు. ఒక ఏడు ఎవడో తొందరపడి పానా ఎత్తాడని, ఏడాది తిరక్కముందే వేలు పోగొట్టుకున్నాడని చెప్పుకునేవాళ్ళు. ఆ వేలు లేని మనిషిని నేను చూడలేదు. చూశామన్నవాళ్ళు మాత్రం షెడ్డునిండా ఉండేవారు.

ఆ ఏడు మహర్నవమి పొద్దున మా తమ్ముడు లారీ తెచ్చి షెడ్డులో నిలిపాడు. వాడు మా షెడ్డులోనే డ్రైవరు. నాకంటే చాలా చిన్నవాడు, నా చేతుల్లో పెరిగినవాడు.

"అక్కా, ఈ లారీకి బుద్ధి పెరిగినాది" అన్నాడు. "చక్రం తిప్పితే వెంటనే తిరగదు. ఆలోచన చేసి తిరుగుతాంది."

"నువ్వు చెయ్యని పని అదన్నా చేస్తాంది గదా" అని బిరడా పానా తీసి మెకానిక్కుకు ఇచ్చాను.

మెకానిక్కుది వేంపల్లె. మంచి పనివాడే గానీ ఆ రోజు మనసంతా మధ్యాహ్నం బస్సు మీద ఉంది. పండక్కి ఇంటికి పోవాలి. లారీ కింద దూరి బిరడా విప్పాడు, లోపల సర్దాడు, మళ్ళీ పెట్టి బిగిస్తూ ఉన్నాడు. అంతలో యజమాని తల్లి వాకిట్లో నిలబడి కేకేసింది. "మంచి గడియ దాటిపోతాంది. యాడివి ఆడ పెట్టి రాండప్పా."

మా యజమాని దేనికైనా ఆగుతాడు గానీ గడియ దాటనివ్వడు. అందరూ చేతిలో ఉన్నవి ఉన్నట్టు నాకు తెచ్చి ఇచ్చారు. వేంపల్లె మనిషి కూడా కింద నుంచి వచ్చి చక్రానికి గుడ్డ కట్టి, పానా నా ముందు పెట్టి చేతులు కడుక్కోవడానికి పోయాడు. అదే రోజు పక్కన ఇంకో లారీ కూడా ఉంది. దాని చక్రాలు ఊడదీసి దిమ్మల మీద నిలిపారు. దానికీ ఒక గుడ్డ ఉంది.

నేను తల వంచుకుని సామాను తోమడంలో పడ్డాను. లారీలు కడిగారు. మామిడాకులు కట్టారు, బంతిపూల దండలు వేశారు. పూజ అయింది. అందరం చిత్రాన్నం, వడలు తిన్నాం. వేంపల్లె మనిషి వడలు కండువాలో మూటగట్టుకుని బస్సుకు పరిగెత్తాడు. యజమాని సంతోషంగా ఉన్నాడు.

"పూజ చేసిన బండి ఊరికే నిలబడగూడదు. రాయచోటికి జొన్న మూటలుండాయి. ఏసుకోని పోయిరా" అన్నాడు మా తమ్ముడితో.

వాడు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నాడు.

"ఆదివారం నువ్వు మోకరించేది ఎవరి ముందరరా?" అన్నాను.

"దేవుడు ఒక్కడే అక్కా, దాంట్లో తేడా లేదు. గువ్వలచెరువు ఘాటు దావ మాత్రం వేరే." నిమ్మకాయలు చితికాయి. లారీ పొగ కక్కుకుంటూ గేటు దాటింది. దాని చక్రానికి గుడ్డ లేదని నేను గమనించాను కూడా. పని అయిపోయిందనుకున్నాను.

అందరూ ఇళ్ళకు పోయాక షెడ్డు ఊడ్చడానికి పరక అందుకున్నాను. పూల తొడిమలు, అరటాకులు, నిమ్మతొక్కలు. ఆ కసువులో నా చీర గుడ్డ కనబడింది. ముడి విప్పి పడేసింది. తీసి దులిపాను. మొదట నాకు వచ్చింది కోపమే. ఉతికి వాడే గుడ్డను కసువులో వేసినవాడెవడా అని. తర్వాత చేయి ఆగిపోయింది.

ఈ గుడ్డ ఏ లారీది?

దిమ్మల మీది లారీ దగ్గరికి పోయి చూశాను. దాని స్టీరింగు చక్రానికీ గుడ్డ లేదు, బంతిపూల దండ ఉంది. అయితే ఇది దాని గుడ్డే అయ్యుండాలి. కానీ గుడ్డలు రెండు కట్టారు. కట్టినవాడే పని ముగించి విప్పి ఉంటే నాకు తెచ్చి ఇవ్వాలి, ఇవ్వలేదు. కసువంతా కాళ్ళతో చెదరగొట్టాను, చేతులతో వెతికాను. రెండోది దొరకలేదు. ఆవులకు వేసిన అరటాకుల్లో పోయిందో, మా తమ్ముడి సీటు కింద ఉందో. వేంపల్లె మనిషి పూజకూ బస్సుకూ మధ్య లారీ కిందికి మళ్ళీ దూరాడా? నేను చూడలేదు. దూరినా బిరడా పానా లేకుండా ఏం చేస్తాడు? పానా అప్పటికే దుప్పటి మీద కుంకుమ పెట్టుకుని కూర్చుంది. బిగించడం ముందే అయిపోయి ఉండొచ్చు. పాత పిన్నే మళ్ళీ దూర్చి ఉండొచ్చు. ఉండొచ్చు, ఉండొచ్చు అని గేటు దాకా పోయి వెనక్కి వచ్చాను. మళ్ళీ పోయాను. అడుగుదామంటే అడగాల్సినవాడు బస్సులో వేంపల్లె దారిన ఉన్నాడు.

పూజ దగ్గర దీపం ఆరకుండా ఆచారి కాపలా కూర్చుని ఉన్నాడు. విషయం చెప్పాను. గుడ్డ చూపించాను.

"పోయి లారీని నిలబెట్టు. అంతే గదా" అన్నాడు.

"నిలబెట్టి ఏం జెయ్యాల అయ్యా? బిరడా వదులైంటే బిగించేదానికి ఆ పానా తప్ప వేరే లేదు. వాని సంచి గూడ ఈ వరసలోనే ఉండాది."

"రేపు పొద్దున దాకా ఆడే నిలబెట్టమను."

"మూటలు ఏసుకోని, పండక్కి పోయే కూలోళ్ళను ఎక్కించుకోని ఘాటు కింద రాత్రంతా నిలబడమంటే వాడు నిలబడతాడా? నా మాట మీద? నవ్వి పోతాడు."

ఆచారి ఆ పానా వైపు చూశాడు. అది ఆయన కొట్టిందే. నాలుక మందం కుదరడానికి మూడు పూటలు కూర్చుని ఆకురాయి పట్టింది నాకు గుర్తుంది.

"ఇంకోటి కొట్టి ఇస్తావా?" అన్నాను.

"దేంతో కొట్టాల? సమ్మెట ఆడుండాది, పట్టుకారు ఆడుండాది." వరుస వైపు గడ్డం చూపించాడు. "అమ్మా, నేనైతే ఎత్తను. నన్ను అడగొద్దు. నిన్ను ఎత్తమని గూడ చెప్పను."

తర్వాత ఆయన లేచాడు. "ఈ పక్కనుంచి గాలి కొడతాంది, దీపం ఆరిపోయేట్టుంది" అని కండువా అడ్డం పెట్టి, వరుసకు వీపు చేసి దీపం ముందు నిలబడ్డాడు. గాలి లేదు. ఒక ఆకు కూడా కదలడం లేదు.

నేను పానా ఎత్తాను. చీర కొంగుతో కుంకుమ తుడిచాను. గదిలో డబ్బా తెరిచి చీల పిన్నులు గుప్పెడు తీసి నడుముకు కట్టిన సంచిలో వేసుకున్నాను. ఒకటి చాలు. ఆ రోజు లెక్క చూసుకోలేదు.

మూటలు వేసుకునే గోదాము దాకా దాదాపు పరిగెత్తినట్టే నడిచాను. హమాలీలు అరుగు మీద పడుకుని ఉన్నారు.

"లారీనా? ఎప్పుడో పాయెగదమ్మా. మూటల మీద మనుషుల్ని గూడ కుక్కుకోని పోయినాడు నీ తమ్ముడు."

రాయచోటికి పోయే టపా బస్సు దొరికింది. అది కూడా బొగ్గు బండే. పానా పొడుగ్గా ఉండి కొంగులోంచి బయటికి పొడుచుకొస్తోంది. కండక్టరు చూశాడు.

"ఏమ్మా, పండక్కి మొగున్ని కొట్టేకి పోతాండావా?"

"మొగుడు లేడు. నువ్వు బండి నడిపిస్తావా, నీకు దీంతో పని పెట్టాల్నా?"

బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ బస్సు డ్రైవరు చక్రం కూడా పావు వంతు ఊరికే తిరుగుతోంది. అప్పటిదాకా నేను ఎన్నో ఏళ్ళు స్టీరింగు సామాను చేతికిచ్చి చేతికి పుచ్చుకున్నాను గానీ, ఆ ఆట మనిషి ఒంట్లో ఎట్లా ఉంటుందో ఎరగను. ప్రతి వంకరలోనూ నా చేతులు వాటంతట అవే ముందు సీటు కమ్మీని తిప్పుతున్నాయి. ప్రతి మోరీ వంతెన దగ్గరా మా లారీ పడి ఉందేమోనని తల బయటపెట్టి కిందికి చూస్తున్నాను. మధ్యలో బస్సు ఆగింది. క్లీనరు దిగి బొగ్గు కుళ్ళగించడం మొదలుపెట్టాడు. అంత నిదానంగా బొగ్గు కుళ్ళగించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"కొంచెం కానియ్యి నాయనా."

"పొయ్యి మండాల గదమ్మా. నీ ఇంట్లో ఊదితేనే మండుతాదా?"

నేను ఆశపడినట్టే ఘాటు మొదట్లో నీళ్ళతొట్టి దగ్గర మా లారీ నిలబడి ఉంది. ఎక్కుడు ముందర ఏ బొగ్గు లారీ అయినా అక్కడ ఆగి పొయ్యి రాజుకోనిచ్చి, నీళ్ళు పోసుకుని బయల్దేరాలి. మూటల మీద ఆడవాళ్ళు, చంకబిడ్డలు, నెత్తిన తువ్వాళ్ళు చుట్టుకున్న ముసలివాళ్ళు. మా తమ్ముడు అప్పటికే నీళ్ళడబ్బా మూత పెడుతున్నాడు. బస్సు ఇంకా ఆగకముందే దిగబోయి మోకాలు కొట్టుకున్నాను.

"అక్కా? ఇంట్లో ఎవరికన్నా ఏమన్నానా?"

"ఎవరికీ ఏం కాలేదు. లారీ కిందికి పో. బిరడాకు పిన్ను ఉండాదేమో చూడు."

వాడు నవ్వాడు. "ఇదేం పిచ్చి అక్కా. పూజ చేసిన బండి. కడప నుంచి ఈడిదాకా మైనంలో మాదిరి వచ్చినాది."

గుడ్డ తీసి వాడి ముఖం ముందు పట్టాను. "దీన్ని ఇప్పింది ఎవరు?"

"నేనే" అన్నాడు. "దండ కట్టాల్నంటే అడ్డమొచ్చినాది. పండగపూట మాసిన గుడ్డ చక్రానికి ఉంటే అయ్య ఊరుకుంటాడా? రెండిట్లోవీ ఇప్పేసినా..." అంటూనే వాడి గొంతు తగ్గిపోయింది. అప్పుడు తెలిసింది వాడికి, ఏం చెబుతున్నాడో.

వెల్లకిలా కిందికి దూరాడు. నేను వాడి పాదాలు చూస్తూ నిలబడ్డాను. అవి కదలడం లేదు. పైనుంచి ఒక ముసలామె అడిగింది, "ఏమప్పా, పొద్దు పోతాంది. ఏం జేస్తాండారు?"

"ఆడమనిషి వచ్చినాది గదవ్వా, లారీకి పురుడు పోస్తాండాది" అన్నాడు మూటల మీది ఒకతను. అందరూ నవ్వారు.

కింద నుంచి చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. "పానా ఇయ్యి అక్కా" అన్నాడు. ఆ గొంతు మా తమ్ముడిది కాదనిపించింది.

ఇచ్చాను. ఆగలేక నేనూ వంగి, చీర బిగించి, లారీ కింద తల పెట్టి చూశాను. పిన్ను ఉండాల్సిన రంధ్రం ఖాళీగా ఉంది. బిరడా వెనక్కి తిరిగి తిరిగి, దాని మరల్లో సగానికి పైగా బయట మెరుస్తోంది. ఇంక ఘాటులో మొదటి మలుపో రెండోదో. అంతకంటే ఎక్కువ ఆలోచించకుండా, పానా నాలుక గాడిలో సరిగ్గా కూర్చుందా లేదా అని మాత్రమే చూశాను.

"తుదిదాకా బిగించి కొంచెం వెనక్కి తిప్పు. రంధ్రం కనపడేదాకా" అన్నాను.

"తెలుసు."

"తెలుసు గానీ తొందరపడతాండావు. నిదానంగా."

పిన్ను దూర్చాడు. కాళ్ళు విడదీయడానికి వాడి దగ్గర పట్టుకారు లేదు, సుత్తి లేదు. రోడ్డు పక్క రాయి తీసుకుని కొట్టాడు. బయటికి వచ్చాక కాసేపు తొట్టి అంచు మీద కూర్చుని నీళ్ళు ముఖాన చల్లుకున్నాడు. పైనున్న వాళ్ళకు వాడు ఏం చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మూటల మీద ఒక బిడ్డ ఏడుస్తుంటే తల్లి ఘాటు వైపు చూపించి కోతులున్నాయని ఊరడిస్తోంది.

"ఎక్కు అక్కా. మళ్ళీ బస్సు రేపే."

డ్రైవరు పక్కన కూర్చున్నాను. నా జన్మలో ఘాటు ఎక్కడం అదే మొదలు. పానా ఒడిలో ఉంది. బిగించింది చూశాను, పిన్ను చూశాను, దాని కాళ్ళు విడదీసింది చూశాను. అయినా లారీ మలుపు తిరిగిన ప్రతిసారీ నా కళ్ళు వాడి చేతుల మీద, తర్వాత ముందు టైరు వైపు, మళ్ళీ చేతుల మీద. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. లారీ మనిషి నడకతో ఎక్కుతోంది. ఒక చోట వాడు చక్రాన్ని అటూ ఇటూ ఆడించి చూపించాడు.

"చూడు, ఎట్ల ఇంటాందో. ఇప్పుడు నమ్మకం వచ్చినాదా?"

"దావ చూడు."

పైకి చేరాక మళ్ళీ అడిగాడు. "ఇప్పుడు?"

"రాయచోటి రానీ. చెప్తా."

ఆ రాత్రి రాయచోటిలో మా చర్చివాళ్ళ ఇంట్లో పడుకున్నాను. పడుకున్నానంటే చాప మీద ఒరిగాను, అంతే. ఘాటు గుర్తొచ్చినంతసేపు ఘాటు, అది పోతే యజమాని. పూజ వరుసలోంచి సామాను ఎత్తినందుకు తాళంచెవి అడుగుతాడనడంలో నాకు అనుమానం లేదు. అడిగితే ఏం చెప్పాలో మాత్రం తేల్చుకోలేకపోయాను. తెల్లవారగానే బూడిద పెట్టి పానా తోమాను. ఇంటావిడ బూడిద ఎక్కువ వాడుతున్నానన్నట్టు చూసింది. నాకు ఆమె నచ్చింది.

మేం కడప చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. షెడ్డులో పని మొదలుకాలేదు. వరుసలో ఒక పనిముట్టు లేకుండా కర్పూరం వెలిగించకూడదని యజమాని తల్లి పట్టుబట్టింది. అందరూ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. వేంపల్లె మనిషి కూడా పొద్దున బస్సుకే వచ్చి ఉన్నాడు. వాడి ముఖం చూడగానే, పని సగంలో వదిలిన సంగతి వాడికి ఇప్పుడే గుర్తొచ్చిందని నాకు అర్థమైంది.

యజమాని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఎత్తింది నువ్వేనా?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఆచారి అన్నాడు. "ఎత్తింది ఆమె. ఎత్తనిచ్చింది నేను. ఇద్దర్నీ కలిపి అడుగు."

మా తమ్ముడు ముందుకు వచ్చి ఘాటు కింద చూసింది చూసినట్టు చెప్పాడు. మరల్లో సగం బయట ఉన్న సంగతి చెప్పేటప్పుడు వేళ్ళతో చూపించాడు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

"నేను గుడ్డ కట్టినా" అన్నాడు వేంపల్లె మనిషి. "కట్టినాక నా పూచీ ఏముంది? మంచి గడియని పిలిస్తే పెట్టి వచ్చినా."

"మాసిందేదీ లారీ మీద కనపడగూడదని అయ్య చెప్పినాడు" అన్నాడు మా తమ్ముడు.

"మాసింది తీయమన్నా. గుడ్డ ఇప్పమన్నానా?" అన్నాడు యజమాని.

"దండ యాడ కట్టాల మరి?"

"పండగరోజు లారీ బయటికి పొమ్మని ఎవరు చెప్పినారు?" అని మొదటిసారి నోరు తెరిచింది యజమాని తల్లి.

వింటూ నిలబడ్డాను. ఎవరి మాట వాళ్ళది సరిగ్గానే ఉంది. గుడ్డ కట్టినవాడు కట్టాడు, శుభ్రం చేయమన్నవాడు మంచికే అన్నాడు, విప్పినవాడు పండగకు విప్పాడు. వీళ్ళలో ఒక్కణ్ణి పట్టుకుని తిడదామన్నా నాకు చిక్కడం లేదు. చిక్కకపోవడం వల్లే నాకు ఇంకా భయం వేసింది. మళ్ళీ నవమి వస్తుంది, మళ్ళీ మంచి గడియ వస్తుంది, వీళ్ళంతా ఇట్లాగే మంచివాళ్ళుగా ఉంటారు.

యజమాని నా వైపు తిరిగాడు. "పానా కడిగినావా?"

"కడిగినా."

"ఇయ్యి." తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి ఆచారికి ఇచ్చాడు. తాళంచెవి మాట ఎత్తలేదు. అదే సందు అనుకుని నేను అడిగాను.

"అయ్యా, ఇంక మీద గుడ్డలు వద్దు. పని మిగిలిన లారీ ఏదైనా, దాన్ని స్టార్టు చేసే హ్యాండిలు నా గదిలోకి రావాల. పని ముగించినోడు వచ్చి నాకు చెప్పినాకనే నేను ఇస్తా. హ్యాండిలు లేకుంటే ఎవురూ లారీని కదిలించలేరు. దండలు ఎన్నన్నా కట్టుకోండి."

"మా లారీ బయటికి తీసేదానికి అక్క కాళ్ళు పట్టుకోవాల్నా?" అన్నాడు మా తమ్ముడు. నిన్న పానా కోసం చాచిన చెయ్యి ఈ రోజు నడుము మీదికి వచ్చేసింది.

"పట్టుకో" అన్నాడు ఆచారి.

యజమానికి హ్యాండిలు మాట నచ్చింది గానీ ఒక చోట ముల్లు గుచ్చుకుంది.

"పండగరోజు పూజ చేసిన బండి ఊరికే నిలబడగూడదు గదమ్మా. ఆ ఒక్క రోజు వదిలేద్దాం."

"మిగిలిన రోజులు వదిలేసినా నాకేం ఇబ్బంది లేదయ్యా. పండగరోజు మటుకు వదిలేది లేదు."

ఆయన నా వైపు ఒకసారి, గేటు బయట నిలబడ్డ లారీ వైపు ఒకసారి చూశాడు. తర్వాత "అట్లే కానియ్యి" అని తల్లి వైపు తిరిగి కర్పూరం అందుకున్నాడు.